‘పోడు పట్టా’: ఒక వాడుక, దాని చరిత్ర

2006 నాటి అటవీ హక్కుల చట్టం అమలు గురించి తెలుగులో రాసేటప్పుడు ‘పోడు పట్టాల పంపిణీ’ అనడం పరిపాటి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన కార్యక్రమం విషయంలోనూ ఇదే మాట వినిపించింది. కాని చట్టం పేరులో ఉన్నది ‘గుర్తింపు’. పూర్వీకుల నాటి నుంచి వస్తున్న హక్కులను వలస పాలనలోనూ స్వాతంత్ర్యానంతరమూ తగినట్లు గుర్తించకపోవడం చారిత్రక అన్యాయమని దాని పీఠికే అంగీకరించింది. పంపిణీ చేసేవాడు తనదాన్ని ఇస్తాడు. గుర్తించేవాడు ఎదుటివారిదని ఒప్పుకుంటాడు.

ఈ వాడుక ఊరకే రాలేదు. నిజాం రాజ్యంలో అటవీ హద్దులు గోండు గూడేల మీదుగా సాగాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణించిన తరువాతే సర్కారు అక్కడి సమస్యను పట్టించుకుంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పరిశీలన, సూచనల ఫలితంగా ఆదిలాబాద్ గోండులకు పెద్ద ఎత్తున పట్టాలు దక్కాయి. ఎప్పుడు వెళ్ళగొడతారో తెలియని రైతుకు సర్కారు ముద్ర ఉన్న కాగితం చిన్న విషయం కాదు. పట్టా అనే మాటకు గూడేల్లో ఏర్పడిన గౌరవానికి మూలం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. అయితే తరువాతి దశాబ్దాల్లో ఆ భూముల్లో చాలా భాగం గిరిజనేతరుల చేతుల్లోకి జారిపోయింది. 1982లో వెలువడిన గ్రంథంలో హైమన్‌డార్ఫే దీన్ని నమోదు చేశాడు.

2006 చట్టం ఆ దారి మూసింది. నాలుగో సెక్షన్ ప్రకారం ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, అమ్మకానికి మాత్రం చెల్లదు. దంపతులిద్దరి పేరా నమోదు కావాలి. రెవెన్యూ అర్థంలో ఇది పట్టా కానే కాదు. అంతకన్నా ముఖ్యమైనది సామూహిక అటవీ వనరుపై హక్కు. గ్రామ సంప్రదాయ హద్దుల్లోని ఉమ్మడి అడవిని కాపాడే, నిర్వహించే అధికారం ఆ గ్రామానిదేనన్నది దాని సారం. నిర్ణయ ప్రక్రియ గ్రామసభతో మొదలవుతుంది. పట్టాలో ఒక పేరు, ఒక సర్వే నంబరు, ఇన్ని ఎకరాలు ఇముడుతాయి. ఇప్పచెట్లు, వెదురు, పశువుల బాట, దేవర కొలువున్న గుట్ట ఇమడవు. పోడు సమస్యంటే సాగుభూమి సమస్యే అన్న భావన మన సాహిత్య విమర్శలోకీ ఈ మాట ద్వారానే చేరిందనిపిస్తుంది.

ఆ హద్దులను గ్రామసభ గుట్టల పేర్లతో, వాగుల పేర్లతో చెప్పుకుంటుంది. చర్చ గోండిలోనో కోయలోనో కొలామీలోనో సాగినా, దరఖాస్తు తెలుగులోకి మారుతుంది. ఆ పేర్లను పలికినవి పలికినట్లు సేకరించడం అటవీశాఖ పని కాదు, భాషా పరిశోధకులది.