లిఫ్ట్ తెగి 75 అంతస్తులు పడినా బతికిన అమ్మాయి.. మరి కింద ఉన్న బఫర్ ఏం చేసింది?

లిఫ్ట్ ఎక్కినప్పుడు "ఇప్పుడు కేబుల్ తెగితే?" అని ఒక్కసారైనా అనుకున్నారా? ఆ భయం నిజమైన రోజు ఒకటుంది.

1945 జులై 28. న్యూయార్క్‌లో దట్టమైన పొగమంచు. అమెరికా ఆర్మీ వాళ్ల బి-25 బాంబర్ విమానం వచ్చి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌ను 79వ అంతస్తు దగ్గర గుద్దేసింది. 14 మంది చనిపోయారు. అక్కడ లిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేసే బెట్టీ లూ ఆలివర్‌కు గాయాలయ్యాయి. ఆమెను కిందికి దించడానికి ఇంకో లిఫ్ట్ ఎక్కించారు. దాని కేబుళ్లు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. తెగిపోయాయి. 75 అంతస్తులు పడింది. అయినా బతికింది!

"అదేంటి, కేబుల్ తెగినా బ్రేకులు పట్టాలి కదా?" అంటారా? కరెక్టే. 1854లోనే ఎలీషా ఓటిస్ న్యూయార్క్‌లో జనం ముందు తాను నిలబడ్డ లిఫ్ట్ తాడు కోయించి మరీ ఇది చూపించాడు. తర్వాతి లిఫ్టుల్లో స్పీడు మితిమీరితే గవర్నర్ అనే పరికరం బ్రేకులు బిగిస్తుంది. కానీ ఆ రోజు గవర్నర్ కేబుల్ కూడా తెగింది.

ఇక మిగిలింది లిఫ్ట్ కింది గోతిలో ఉండే బఫర్. అదేంటంటే, ఆయిల్ నింపిన సిలిండర్, అందులో ఒక పిస్టన్. లిఫ్ట్ వచ్చి మీద పడితే పిస్టన్ దిగుతుంది, ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి తోసుకుని పోతుంది. పిస్టన్ దిగేకొద్దీ ఒక్కో రంధ్రం మూసుకుంటుంది. అందుకే ఒక్కసారిగా కుదుపు రాదు, మెల్లగా ఆగుతుంది. స్ప్రింగ్ అయితే తిరిగి పైకి తంతుంది. ఆయిల్ ఆ ఊపునంతా వేడిగా మార్చేస్తుంది. స్పీడు లిఫ్టులకు ఆయిల్ బఫర్లే పెట్టేది అందుకే.

కానీ దానికీ ఒక హద్దుంది. లిఫ్ట్ మామూలు స్పీడుకంటే ఓ 15 శాతం ఎక్కువతో వచ్చినా ఆపేలా దాన్ని తయారుచేస్తారు. స్పీడు రెట్టింపైతే పిస్టన్ దిగాల్సిన దూరం నాలుగు రెట్లు కావాలి. 75 అంతస్తుల పతనాన్ని ఆపడం దాని వల్ల కాదు. తెగిన కేబుళ్లు కింద చుట్టలుగా పడి పరుపులా అడ్డుపడటం, ఇరుకు షాఫ్టులో గాలి నొక్కుకుపోవడం బెట్టీని కాపాడాయని చెబుతారు.

అంటే బఫర్ మంత్రదండం కాదు, వరసలో చివరి కాపలాదారు. దాని ముందున్న కేబుళ్లూ, గవర్నర్, బ్రేకులూ బాగుంటేనే దాని పని అది చేయగలదు. ఈసారి మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "లిఫ్ట్ గోతిలో నీళ్లు నిలుస్తున్నాయా? బఫర్‌లో ఆయిల్ చూశారా?"