మా అమ్మ కుట్టు షాపు నేల కింద ఏముంది?

కోరుకొండ నుంచే మాట్లాడుతున్నాను. కొండ మీద నరసింహస్వామి గురించి, రెడ్డి రాజుల గురించి చాలామంది చెప్పేశారు. నేను ఈరోజు కొండ దిగి, మా అమ్మ కుట్టు షాపు నేల గురించి చెబుతాను. నవ్వకండి, ఇది కూడా చరిత్రే.

విషయం ఏంటంటే, షాపు పన్నెండు అడుగులు ఇంటూ పదహారు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ముందు చిన్న అరుగు. మిషన్ కాళ్లు ఉన్న చోట టైల్స్ పగిలిపోయాయి. అమ్మ చెప్పులు లేకుండానే తొక్కుతుంది, రెండుసార్లు అంచు గీసుకుంది. పెళ్లిళ్ల సీజన్‌కి ముందే నేల మార్చాలి, షాపు మూసి ఉంచగలిగేది ఐదు రోజులు, ఉన్న డబ్బు నేను ఉద్యోగం మానేసే ముందు దాచినదాంట్లో మిగిలింది. కాబట్టి ఒక్కసారే, తప్పు లేకుండా చేయాలి.

తాపీ మేస్త్రి గారు వచ్చి సుత్తి వెనక్కి తిప్పి టక్ టక్ మని కొట్టారు. "బోలుగా ఉంది బాబూ. మధ్యలో ముద్ద పెట్టి మూలలు వదిలేశారు. దీని మీద కొత్తది వేస్తే అదీ లేస్తుంది" అన్నారు. ఒక మూల తవ్వించాం. పైన టైల్, దాని కింద బొటనవేలంత కూడా మందం లేని బూడిదరంగు సిమెంటు గచ్చు, ఆ కింద తెల్లగా, మధ్య మధ్యలో ఎర్ర నలకలతో ఇంకో పొర. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, నాకైతే పాత కోడ్ కింద ఇంకా పాత కోడ్ దొరికినట్టు అనిపించింది.

అడుగున ఉన్న తెల్లది సున్నం గచ్చు. ఆ ఎర్ర నలకలు ఇటుక పొడి. గుండ్రటి కాలువలో రాతి చక్రం పెట్టి, ఎద్దులతో తిప్పించి సున్నం నూరేవారు. గానుగ సున్నం అనేది అదే. నేల మీద పరిచి చెక్కలతో దంచేవారు. కొన్నిచోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవారు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లోనే పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్నాడు. అయినా 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు మన దగ్గర పని నడిచింది రాయితో, సున్నంతోనే. గచ్చు నేల కలవాళ్ల ఇంట్లోనే. మిగతావాళ్లకి మట్టి నేల, దాని మీద పేడతో అలుకు. మా అమ్మమ్మ శుక్రవారం శుక్రవారం అలికేదని అమ్మ చెబుతుంది.

అసలు కథ మధ్య పొరలో ఉంది. అంత పలచగా ఎందుకు వేశారు? పిసినారితనం అనుకున్నాను. మేస్త్రి గారు ఒక్క మాటన్నారు, "అప్పుడు సిమెంటు ఎక్కడిది బాబూ, పర్మిట్టు మీద కదా" అని. నిజమే. మన దేశంలో సిమెంటు తయారీ 1914లో పోరుబందరు ఫ్యాక్టరీతో నిలదొక్కుకుంది, 1936లో కంపెనీలు కలిసి ఏసీసీ అయింది. కానీ స్వతంత్రం వచ్చాక చాలా ఏళ్లు ధర, పంపిణీ రెండూ ప్రభుత్వం చేతిలోనే. ఇల్లు కట్టుకునేవాడు దరఖాస్తు పెట్టుకుని, ఇన్ని బస్తాలని రాయించుకుని తెచ్చుకోవాలి, లేదా బ్లాకులో కొనాలి. బొంబాయిలో ముఖ్యమంత్రి అంతూలే కుర్చీ దిగింది ఈ సిమెంటు కోటాల గొడవలోనే, 1982 జనవరిలో. తర్వాతి నెలలోనే కంట్రోలు సగం సడలించారు, 1989లో పూర్తిగా తీసేశారు. అందుకే ఆ కాలంలో చిన్న షాపు వాడు పాత సున్నం గచ్చు పీకలేదు, దాని మీదే పలచగా సిమెంటు పూసి సరిపెట్టాడు. స్తోమత ఉన్నవాళ్లు దాంట్లో ఎర్ర రంగు కలిపి అద్దంలా నునుపు తెప్పించుకున్నారు. అలాంటి ఎర్ర గచ్చులు మన గోదావరి ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. దయచేసి వాటిని పగలగొట్టకండి, ఇప్పుడు అలా నున్నగా తేల్చే చెయ్యి దొరకడం కష్టం.

అరుగు మీద మాత్రం నాపరాళ్లు, బేతంచెర్లవి. కర్నూలు వైపు ఆ సున్నపురాయి పలకలు పలకలుగానే లేస్తుంది, అందుకే చవక. బేతంచెర్ల గుంటూరు–గుంతకల్లు లైను మీద ఉంది. ఆ లైను 1990ల దాకా మీటర్ గేజే. అంటే రైల్లో ఇటు రావాలంటే దారిలో బండి మార్చాల్సిందే. అంత దూరపు రాయి కూడా మన షాపులకి అందుబాటు ధరలో దొరికిందంటే చూడండి, పలకగా లేవడం ఎంత పెద్ద లాభమో.

ఇక పై పొర. పగిలిన టైల్ తిరగేస్తే వెనక అచ్చు కనిపించింది: రీజెన్సీ. మన యానాందే. 1954 దాకా ఫ్రెంచి వాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. టైల్‌ని వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాలి, దానికి గ్యాస్ కావాలి, కేజీ బేసిన్ గ్యాస్ మన కాళ్ల కిందే ఉంది. 1980ల్లో పుట్టిన ఆ కంపెనీ టైల్స్‌తోనే మన ఊళ్లల్లో మందుల షాపులు, మంగలి షాపులు మొదటిసారి తెల్లగా మెరిశాయి. 2012 జనవరి 27న ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జీతాల గొడవ, ఆందోళన. కార్మిక నాయకుడు మురళీమోహన్ చనిపోయారు. ఆ కోపంలో జరిగిన దాడిలో కంపెనీ ప్రెసిడెంటు కె.సి. చంద్రశేఖర్ చనిపోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, తర్వాత ఏళ్ల తరబడి మూతపడి ఉంది. వందల కుటుంబాల పని ఒక్క రోజులో పోయింది. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను, టీవీలో పొగ చూశాను. మా షాపు నేల అక్కడిదని ఇన్నేళ్లూ తెలీదు.

ఇప్పుడు రాజమండ్రిలో ఏ టైల్స్ షాపుకి వెళ్లినా ఎక్కువ సరుకు గుజరాత్‌లోని మోర్బీది. మా ఎంపిక కూడా అక్కడే తేలింది. షాపతను మెరిసే టైల్ చూపించాడు. అమ్మ "జారుతుంది, సూది పడితే ఆ మెరుపులో కనపడదు" అంది. మచ్చల డిజైను కూడా అందుకే వద్దంది. నేను అరగంట వీడియోలు చూసి తెలుసుకోలేనిది అది. చివరికి లేతరంగు, మెరుపు లేని విట్రిఫైడ్, రెండడుగుల పలకలు తీసుకున్నాం. విట్రిఫైడ్ అంటే నీరు పీల్చడం అర శాతం లోపే, మామూలు సిరామిక్ కంటే గట్టి, మిషన్ కాళ్లకి తట్టుకుంటుంది. పెట్టెకి నాలుగు, అంటే పదిహేనున్నర చదరపు అడుగులు. నూట తొంభై రెండు అడుగుల నేలకి, కోతలో పోయేదానికి పది శాతం కలిపి, పద్నాలుగు పెట్టెలు. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా అని చూసుకోండి. మాకు రెండు పెట్టెలు వేరే వచ్చాయి, వెనక్కి పంపాం.

ఖర్చు తగ్గింది మాత్రం టైల్ దగ్గర కాదు. పాత టైల్, పలచ గచ్చు లేపేశాం. సున్నం పొర గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచి పైన పరుపు వేశాం, దాంతో తవ్వకం, మట్టి ఎత్తే ట్రాక్టరు కూలి మిగిలాయి. అరుగు మీది నాపరాళ్లు లేపి, తిరగేసి, వాకిలి వైపు వాటం ఇచ్చి మళ్లీ పరిచాం. అడుగు వైపు అరగలేదు కదా, కొత్తవాటిలాగే ఉన్నాయి. మేస్త్రి గారు ప్రతి టైల్ కిందా మాలు మూలల దాకా నింపి, రసమట్టం పెట్టి చూసి, మర్నాడు ఉదయం మళ్లీ అన్నిటినీ సుత్తితో తట్టారు. రెండు బోలుగా పలికితే తీసి మళ్లీ వేశారు. ఐదు రోజులు అనుకున్నది ఆరు పట్టింది, ఒక బ్లౌజు ఆర్డరు పోయింది.

రీజెన్సీ అచ్చు ఉన్న ముక్క ఒకటి పారేయలేదు. అంచులు గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాను. ఫ్యాను గాలికి గుడ్డ లేవకుండా అమ్మ కటింగ్ బల్ల మీద దాన్నే బరువు పెడుతోంది.