ఆకాశవీథిలో వంతులు



కృష్ణా పశ్చిమ డెల్టాలోని మన జంపని ప్రాంతమువారికి నీటివంతు అనఁగా నేమో నేను వివరింప నక్కఱలేదు. బెజవాడయొద్ద 1852 మొదలు 1855 వఱకు ఆనకట్ట కట్టిరి. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. కాలువ త్రవ్వుట యొక యెత్తు; ఆ నీటిని శివారు చేనివఱకు న్యాయముగా నందించుట వేఱొక యెత్తు. నేఁడు మన చేతులలోనున్న సెల్‌ఫోను చరిత్రయు నిట్టిదే. ఆ చరిత్రను క్లుప్తముగా మనవిచేసెదను.

మాటను మోయు రేడియో తరంగమునకు ఆకాశమున నొక త్రోవ కావలయును. దానినే చానెలందురు. ఒకేచోట నొకే త్రోవను ఇరువురు పట్టినచో రెండు మాటలును చెడిపోవును. మద్రాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. రేడియోలో నొకఁడు పలుకఁగా లక్షమంది విందురు గనుక కేంద్రమున కొక త్రోవ చాలును. టెలిఫోనులోనో, మాటలాడు ప్రతి జంటకును ప్రత్యేకముగా త్రోవ కావలయును. చిక్కంతయు నిక్కడనే యున్నది.

1946లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున కారులలో టెలిఫోను లమర్చిరి. ఎత్తైన స్తంభమునుండి బలమైన ప్రసారముతో నగరమంతయు నిండించిరి. ఒకచోట పట్టిన త్రోవ మఱియొకరికి దక్కదాయెను. 1970 దశకమున న్యూయార్కు ప్రాంతమున సుమారు వేయి చదరపు మైళ్లలో నొక్కసారిగా 12 సంభాషణలు మాత్రమే సాగఁగలిగెడివి!

దీనికి విరుగుడును 1947లోనే బెల్ పరిశోధనశాలకు చెందిన డి. హెచ్. రింగ్ సూచించెను. దేశమును తేనెపట్టు గదులవలె విభజింపవలెను. గదికొక చిన్న స్తంభము నిలిపి ప్రసారబలమును తగ్గింపవలెను. ప్రక్కగదులకు వేఱు త్రోవల నిచ్చి, దూరపు గదికి మరల మొదటి త్రోవలనే యీయవలెను. ఈ యూహ టోకియోలో 1979లోను, చికాగోలో 1983లోను వ్యాపారరూపము దాల్చెను. మనదేశమున 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరామ్‌తో తొలి సెల్‌ఫోను సంభాషణ జరిపెను.

ఇందలి లాభమును లెక్కవేసి చూతము. జి.ఎస్.ఎం. పద్ధతి తొలి యేర్పాటులో 124 త్రోవలు. కాలమును ముక్కలుచేసి యొక్కొక్క త్రోవను ఎనమండుగురు వంతులవారీగా వాడుదురు. అన్నిటిని సంభాషణలకే వాడిరనుకొన్నను ఒకే స్తంభమునకు 992 సంభాషణలు మాత్రమే. ఏడు గదుల కొక జట్టు చొప్పున 70 గదులలో పది మాఱులు వాడినచో 9,920! సొత్తు పెరుగలేదు, పంపకము మాత్రమే మాఱినది.

అయినను గదికిన్ని యని స్థిరముగా పంచినచో తిరునాళ్లనాఁడు ఒక గదిలో త్రోవలు చాలవు, ప్రక్కగదిలో ఖాళీగా నుండును. కావున ఎరువు తెచ్చుకొను పద్ధతియు, ఉమ్మడినిధినుండి అప్పటికప్పుడు కేటాయించు పద్ధతియు పుట్టినవి. కాని యెరువుతెచ్చిన త్రోవను చుట్టుపట్ల గదులు ఆ కాలమున ముట్టరాదు. ఒకని యవసరము తీర్చుట మఱియొకనికి నష్టము గాకుండ చూచుటయే యిందలి నేర్పు.

యంత్రమున కిట్టి నియమముండఁగా, మనుష్యులకు లేకున్న నెట్లు? రేడియో తరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. 2008లో ముందు వచ్చినవారికి ముందను పేర జరిగిన పంపకము న్యాయముగా లేదని 2012 ఫిబ్రవరి 2న 122 లైసెన్సులను రద్దు చేసెను. కాలువ తలయొద్ద నున్నవాఁడే ముందు తూము తీసికొన్నచో శివారువాని గతి యేమగునో మీ రెఱుఁగుదురు.

కంటికి కనబడనంత మాత్రమున తరంగము ఎవరి సొంతమును కాదు. నీటివంతు నడిగినట్లే దాని లెక్కనుగూడ నడుగు హక్కు జంపనివారికిని గలదని నా దృఢమైన యభిప్రాయము.