ఆకు పచ్చగానే ఉంటుంది

దీపావళి మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి మూసారాంబాగ్ వంతెన వైపు నడుస్తున్నారు మీరు. రోడ్డంతా లక్ష్మీబాంబుల కాగితం తుక్కు. సగం కాలిన చిచ్చుబుడ్డి చెప్పు కింద నలిగి గంధకం వాసన గుప్పుమంటుంది. ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో వయ్యారిభామ, జిల్లేడు, ఉత్తరేణి. వాటి మీద తారాజువ్వల పుల్లలు, బూడిద. రెండు గేదెలు అప్పుడే మేతకు దిగాయి.

వంగి ఒక ఆకు చూడండి. మచ్చ లేదు, మాడలేదు. చిక్కంతా అక్కడే. రంగులు చిమ్మే కొన్ని బాణసంచాల్లో పెర్క్లోరేట్ అనే లవణం ఉంటుంది. శ్రీహరికోటలో ఎల్‌వీఎం3 రాకెట్‌కి చెరోపక్క నిలిచే ఎస్200 బూస్టర్లను నడిపేదీ ఆ జాతి లవణమే. ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం. అందులో దాదాపు మూడింట రెండొంతులు అమ్మోనియం పెర్క్లోరేట్.

బాణసంచాలో కాలకుండా మిగిలిన పెర్క్లోరేట్ వానకు కరుగుతుంది. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. వేరు నీటితోపాటే పీల్చేస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఆకులో పేరుకుంటుంది. రాకెట్ ఇంధనంలో వాడే ఈ లవణాన్ని తయారుచేసిన కర్మాగారాల కాలుష్యం చేరిన లాస్ వేగస్ వాగు ఒడ్డున, అడవి టామరిక్స్ పొదల్లో పెర్క్లోరేట్ దొరికింది. కేరళలోని ఆలువాలో ఇస్రో పెర్క్లోరేట్ ప్లాంటు దగ్గరి బావుల్లోనూ బయటపడింది. ఒంట్లో చేరితే థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. అమెరికాలో ఆవుపాలలోనూ కనిపించింది.

వంతెన దగ్గరికొచ్చేసరికి ముక్కు మూసుకుంటారు. కింద మూసీ నది, నల్లటి బురద. అలాంటి గాలాడని బురదలో బతికే కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు పెర్క్లోరేట్‌ను వాడుకుని మామూలు క్లోరైడ్‌గా మార్చేస్తాయి. నైట్రేట్ ఉంటే మాత్రం చాలావరకు ముందు దాని పనిపట్టాకే దీని జోలికొస్తాయి. అంటే ఈ ఒక్క విషం విషయంలో, మనం చీదరించుకునే బురద కన్నా పొడిగా, పచ్చగా కనిపించే ఆ ఖాళీ జాగానే ఎక్కువ అనుమానించాలి. (మూసీని పొగుడుతున్నాననుకోకండి, అందులో కలిసే మిగతావాటిది వేరే కథ.)

వాన పడకముందే, నీళ్లు కొట్టకుండా, ఆ బూడిదను పొడిగానే ఊడ్చి చెత్తబండికి వేరుగా ఇవ్వండి. అప్పటిదాకా ఆ జాగాలో పశువుల్ని మేపనివ్వకండి.