డీజిల్ వేడి, పడవ కూలరు



బావి దగ్గర ఆయిలింజను ఆడుతున్నప్పుడు పరికించి చూడండి. ట్యాంకునుంచి పంపుకు డీజిల్ పోయే గొట్టం ఒకటి. ఇంజెక్టరునుంచి సన్నగా వెనక్కి వచ్చే గొట్టం మరొకటి. యీ రెండో గొట్టానికి పెద్ద చరిత్రే వున్నది. సముద్రంలో తిరిగే అనేక మరపడవల్లో దానికే కూలరు తగిలించారు. దాన్ని వుంచాలా, పీకెయ్యాలా అన్న తగవు పడవలవాళ్లలో యింకా తెగలేదు.

రుడాల్ఫ్ డీజిల్ 1892లో తన ఇంజనుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 20 హార్స్‌పవరు ఇంజను పరీక్షలో నెగ్గింది. అందులో ఇంధనాన్ని సిలిండరులోకి వూదడానికి గాలి కంప్రెసరు వుండేది. 1912లో డెన్మార్కు ఓడ సెలాండియా డీజిల్ ఇంజన్లతో మహాసముద్రాలు దాటింది. 1927లో బాష్ కంపెనీ ఇంధన పంపులను వరసగా తయారుచేయసాగింది. గాలితో పని తప్పింది. అటువంటి ఇంజన్లలో వెనక్కి వచ్చే డీజిల్ కొద్దిపాటిదే. దాని వేడిని ట్యాంకే చల్లార్చేది.

1938లో జనరల్ మోటార్స్ కంపెనీ పంపూ ఇంజెక్టరూ ఒకటిగా వున్న ఇంజన్లు దించింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను ఒడ్డుకు చేర్చిన పడవల్లో యివి పనిచేశాయి. వీటిలో కాలేదానికంటె ఎక్కువ డీజిల్ తిరుగుతూ, ఇంజెక్టర్లను చల్లబరచి, ఆ వేడితో ట్యాంకు చేరుతుంది. 1997లో కార్లలోకి వచ్చిన కామన్‌రైల్ పద్ధతిలో వత్తిడి వేయి అట్మాస్ఫియర్లు దాటింది. వెనక్కి వచ్చే డీజిల్ మరింత కాగింది.

కాగితే నష్టమేమిటంటారా? పది డిగ్రీల వేడికి డీజిల్ నూటికి సుమారు 0.8 వంతు వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీలు పెరిగితే, అదే కొలతలో బరువు రెండున్నర వంతులు తగ్గుతుంది. ఆ మేరకు బలమూ తగ్గుతుంది. పైగా పలచబడిన డీజిల్ పంపుకు జారుడు సరిగా యివ్వదు. పంపు అరుగుతుంది.

అందుకే కూలరు. అందులో ఒకవైపు సముద్రపు నీరు, ఒకవైపు డీజిల్. మధ్య పలచని లోహపు గోడ. చిక్కు అక్కడే వున్నది. నాచు, గవ్వలు, నీటిపంపు రెక్కల ముక్కలు అడ్డుపడితే ఇంజనుకే నీరు చాలదు. గోడ తిని సూదిబెజ్జం పడితే ఉప్పునీరు డీజిల్‌లో కలిసి, పంపూ ఇంజెక్టర్లూ తుప్పుపడతాయి. ఒడ్డుకు దూరంగా ఇంజను ఆగితే పోయేది వల, చేపలే కాదు, ప్రాణాల మీదికి వస్తుంది.

ఆ భయంతోనే కొందరు దాన్ని పీకేశారు. తొందర పడకూడదు. వెనక్కి తక్కువ డీజిల్ వచ్చే పాతరకం ఇంజనూ, పెద్ద ట్యాంకూ వుంటే తీసినా నడవవచ్చు. కాని కామన్‌రైల్‌కూ, ఇంజెక్టర్లలో ఎక్కువ డీజిల్ తిరిగే రకాలకూ తయారీదారు మాట లేకుండా తీయరాదు. ట్యాంకు పావువంతు మిగిలినప్పుడు, పూర్తి బరువుతో గంటలకొద్దీ నడిపి, డీజిల్ వేడి కొలవండి. ఇంజను పుస్తకంలోని హద్దు దాటితే కూలరు వుండవలసిందే. వుంచితే దాన్ని కనిపెట్టి చూడాలి: నీటిదారి శుభ్రం చేయడం, జింకు కడ్డీ వుంటే అరిగేలోగా మార్చడం, గాలి వత్తిడి పెట్టి బెజ్జాలు పరీక్షించడం, ఫిల్టరు అడుగున నీరు చేరిందేమో రోజూ చూడడం.

మన ఆయిలింజన్లకు సముద్రపు నీరు లేదు గాని సూత్రం అదే. వెనక్కి వచ్చే గొట్టాన్ని మూయకండి, వంచి నొక్కకండి. వేసవిలో ట్యాంకును అడుగంటనివ్వకండి. ఎండ తగలకుండా నీడ కల్పించండి. యే భాగాన్నయినా, అది ఎందుకు పెట్టారో తెలుసుకున్న తరువాతే విప్పండి.