నాణేల కోసం మెటల్ డిటెక్టర్: చవకది చాలా, ఖరీదైనది కావాలా?

మన సంఘాల్లోని కుర్రవాళ్లు ఈ మధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆన్‌లైన్‌లో 300 డాలర్ల యంత్రమూ కనిపిస్తుంది, 900 డాలర్లదీ కనిపిస్తుంది. మూడింతలు పెడితే మూడింతల లోతు దొరుకుతుందా? దొరకదు. ఎక్కువ డబ్బుతో కొనుక్కునేది ప్రధానంగా లోతు కాదు, పనికొచ్చే చప్పుడుకూ పనికిరాని చప్పుడుకూ తేడా తెలుసుకునే శక్తి. అయితే ఏ యంత్రం కొన్నా ముందు చట్టం తెలుసుకోవాలి. అందుకే రెండూ ఒకేచోట రాస్తున్నాము.

యంత్రం ఎలా పనిచేస్తుంది

కింద ఉండే గుండ్రటి చుట్టలో ఏకాంతర విద్యుత్తు పారుతుంది. దాని అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటి జాడను రెండో చుట్ట పట్టుకుంటుంది. వెండి, రాగి, ఇనుము ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా స్పందిస్తాయి కాబట్టి, ఆ తేడానే యంత్రం నంబరుగా చూపిస్తుంది.

నాణెం వంటి చిన్న వస్తువు రెండింతల లోతులో ఉంటే, దాని నుంచి వచ్చే సంకేతం సుమారు 64 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. లోతు పెంచడం అంత కష్టం. మామూలు నాణెం చవక యంత్రానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల్లో దొరికితే, ఖరీదైన దానికి ఇంకో రెండు మూడు అంగుళాలు కలుస్తాయి. పది అడుగుల కింది లంకెబిందెలను చూపించే నాణేల డిటెక్టరు ఏ ధరకూ లేదు.

రెండు యంత్రాల పోలిక

చవక వాటికి ఉదాహరణగా గ్యారెట్ ఏస్ 300 తీసుకుందాం. ధర సుమారు 300 డాలర్లు. 8 కిలోహెర్ట్జ్ అనే ఒకే పౌనఃపున్యం మీద పనిచేస్తుంది. నేల స్వభావానికి చేసే సర్దుబాటు ఫ్యాక్టరీలోనే స్థిరంగా పెట్టేశారు, మనం మార్చలేము. చుట్ట నీటిలో మునిగినా ఫరవాలేదు గాని, పైనున్న పెట్టె తడవకూడదు.

ఖరీదైన వాటికి మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 ఉదాహరణ. 2018లో వచ్చినప్పుడు ధర సుమారు 900 డాలర్లు. ఒకేసారి అనేక పౌనఃపున్యాలు పంపగలదు. కావాలంటే 5, 10, 15, 20, 40 కిలోహెర్ట్జ్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు. నేల సర్దుబాటు మనమూ చేయవచ్చు, యంత్రానికీ వదిలేయవచ్చు. మూడు మీటర్ల నీటిలో కూడా పనిచేస్తుంది.

మన నేలలు

ఈ తేడా ఎక్కడ అక్కరకొస్తుందో మనవాళ్లు ఉండే ఊళ్లను బట్టి చెప్పవచ్చు. బళ్లారి, సండూరు, హోసపేట వైపు నేలలో ఇనుప ఖనిజం ఎక్కువ. అక్కడ స్థిర సర్దుబాటు ఉన్న యంత్రం లోహం లేకున్నా మోగుతుంది, లోతూ తగ్గుతుంది. షోలాపూర్ నల్లరేగడి అగ్నిపర్వత శిల నుంచి పుట్టింది కనుక అక్కడా కొంత ఇబ్బందే. బరంపురం దగ్గర గోపాల్‌పూర్ తీరంలో ఉప్పునీటి తడి ఇసుకే ఒక లోహంలా స్పందిస్తుంది. ఛత్రపురం వైపు ఇసుకలో ఖనిజాలు కూడా ఉన్నాయి. ఇలాంటి చోట్ల ఖరీదైన యంత్రానికే పని. మామూలు తోట మట్టిలో, ఇంటి పెరట్లో చవకది సరిపోతుంది.

మన నాణేలు

ఇప్పటి స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇనుమును వదిలేయమని యంత్రానికి చెబితే చాలాసార్లు వీటినీ వదిలేస్తుంది. 11.66 గ్రాముల పాత వెండి రూపాయి పెద్దది, వెండి విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, అందుకని చవక యంత్రానికీ సులువుగా చిక్కుతుంది. అర గ్రాము కూడా లేని బంగారు పణం మాత్రం దానికి దాదాపు కనిపించదు. అంత చిన్న బంగారానికి ఎక్కువ పౌనఃపున్యం కావాలి.

చవక యంత్రాల మీది గుర్తులు చాలావరకు అమెరికా నాణేలను బట్టి వేసినవి. కాబట్టి కొనగానే మీ పెరట్లోనే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అంగుళాల లోతుల్లో తెలిసిన నాణేలు పాతి, ఏది ఏ నంబరు చూపిస్తుందో పుస్తకంలో రాసుకోండి. సోడా మూత, గుర్రపు నాడా, మేకు కూడా పాతి చూడండి.

మోసాలు

దూరం నుంచే బంగారం చూపిస్తుందంటూ యాంటెన్నా ఉన్న పెట్టెలను లక్షలకు అమ్మేవారు ఉన్నారు. రైస్ పుల్లర్ మోసానికి ఇది తమ్ముడు. బాంబులను దూరం నుంచే పసిగడుతుందంటూ ఏడీఈ 651 అనే పరికరాన్ని దేశదేశాలకు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు 10 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఆ పరికరంలో పనిచేసే భాగమే లేదు. లోహం మీదుగా చుట్ట ఆడించకుండా నాణెం చూపిస్తానన్న యంత్రాన్ని ఏ ధరకూ కొనకండి.

చట్టం

1878 నాటి నిధి నిక్షేపాల కేంద్ర చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే, ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పైగా వచ్చే వాటా పోతుంది. సక్రమంగా తెలియజేస్తే, యజమాని లేని నిధి అని తేలి, ప్రభుత్వం తీసుకోకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. కర్ణాటకకు 1962 నాటి సొంత చట్టం ఉంది. రక్షిత కట్టడాల ఆవరణలోకి యంత్రంతో అడుగు పెట్టకండి. నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.

ఇందులో మనకు శిక్షకు మించిన సంగతి ఒకటి ఉంది. 1807 ప్రాంతంలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేసిన వెండి పణాల మీద తమిళంతో పాటు తెలుగులోనూ విలువ ముద్రించారు. తమిళనాడులోని ఒక ఊళ్లో అలాంటి నాణెం దొరికితే, అది ఎక్కడ, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికిందన్నదే ఆ ఊరి చరిత్రకు సాక్ష్యం. పెకలించి జేబులో వేసుకున్న క్షణంలో ఆ సాక్ష్యం పోతుంది. ఇక మిగిలేది తూకమే.

మా సలహా

పొలంలో జారిన మెట్టె, పెరట్లో పోయిన ఉంగరం వెతకడానికైతే చవకది కొనండి. సంఘానికి ఒకటి ఉంటే పది ఇళ్లకు సరిపోతుంది. ఖనిజాల నేల, సముద్రపు తీరం అయితేనే ఖరీదైనది ఆలోచించండి. స్థలం యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి, తవ్విన గుంత పూడ్చండి. పాత నాణెం కనిపిస్తే కడగకండి, రుద్దకండి. చోటు ఫోటో తీసి, అక్కడే తవ్వకం ఆపి, కలెక్టరు కార్యాలయానికి రాయండి. అర్జీ రాయడం తెలియనివారికి ఆ పని చేసిపెట్టడానికి మేము సిద్ధం.