నర్సు–రోగి నిష్పత్తి

నర్సు–రోగి నిష్పత్తి అనగా ఆసుపత్రిలో ఒక డ్యూటీ సమయంలో ఒక్కొక్క నర్సు సంరక్షణలో ఉండే రోగుల సంఖ్య. దీనిని 1:5, 1:6 వంటి రూపంలో వ్రాస్తారు. 1:5 అంటే ఒక నర్సుకు ఐదుగురు రోగులు అని అర్థం. రోగుల భద్రత, నర్సుల పనిభారం, నర్సింగ్ విద్య అనే మూడు అంశాలూ దీనితో ముడిపడి ఉన్నందున పలు దేశాలలో ఈ విషయం చట్టసభల వరకు వెళ్ళింది.

లెక్కించే విధానం

ఆసుపత్రిలో ఉద్యోగం చేసే మొత్తం నర్సుల సంఖ్యను పడకల సంఖ్యతో పోల్చినంత మాత్రాన అసలు నిష్పత్తి తెలియదు. నర్సులు సాధారణంగా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే మూడు డ్యూటీలలో పనిచేస్తారు. ఉదాహరణకు 30 మంది రోగులున్న వార్డులో అన్ని వేళలా 1:5 పాటించాలంటే ప్రతి డ్యూటీకి 6 మంది, రోజుకు 18 మంది కావాలి. ఒక్కొక్కరికి వారానికి ఒక రోజు సెలవు ఇస్తే 21 మంది అవసరమవుతారు. ఇతర సెలవులకు అదనపు సిబ్బంది ఉండాలి. అదే వార్డుకు మొత్తం 6 మందినే నియమిస్తే కాగితం మీద నిష్పత్తి 1:5గానే కనిపిస్తుంది. రాత్రివేళ మాత్రం ఒకరో ఇద్దరో 30 మందిని చూసుకోవలసి వస్తుంది.

రోగి భద్రతతో సంబంధం

వైద్యుడు రోగిని చూసి వెళ్ళిన తరువాత రోగి చెంత ఉండేది నర్సే. శస్త్రచికిత్స తరువాత లోపల రక్తస్రావం జరిగినా, ఇన్ఫెక్షన్ సోకినా ముందుగా నాడి, శ్వాస, రక్తపోటులలో మార్పు వస్తుంది. ఆ మార్పును సకాలంలో గుర్తించి వైద్యునికి తెలియజేస్తే రోగిని కాపాడవచ్చు. గుర్తించడంలో జాప్యం జరిగి రోగి మరణిస్తే దానిని వైద్య పరిశోధకులు "రక్షించడంలో వైఫల్యం" అనే కొలమానంతో లెక్కిస్తారు. చూడవలసిన రోగులు ఎక్కువైన కొద్దీ ఈ పరిశీలన తగ్గుతుంది. మందుల మోతాదు సరిచూడడం, కదలలేని రోగిని పక్కకు తిప్పి పడక పుండ్లు రాకుండా చూడడం, రోగి మంచం మీద నుండి పడిపోకుండా కాపాడడం వంటి పనులు కూడా ఆలస్యమవుతాయి లేదా జరగకుండా పోతాయి.

పరిశోధనలు

లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. నర్సుకు అదనంగా చేరిన ఒక్కొక్క రోగితో, శస్త్రచికిత్స రోగులు 30 రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్లు తేలింది. 2014లో వెలువడిన అధ్యయనంలో 9 ఐరోపా దేశాల ఆసుపత్రులలో కూడా ఇటువంటి ఫలితమే వచ్చింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణించే అవకాశం 7 శాతం తగ్గుతుందని కూడా ఆ అధ్యయనం పేర్కొన్నది.

చట్టాలు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి 2004 జనవరి 1 నుండి కనీస నిష్పత్తులను అమలుచేసింది. సాధారణ వైద్య, శస్త్రచికిత్స వార్డులలో మొదట 1:6, 2005 నుండి 1:5 నిర్ణయించారు. ఐ.సి.యు.లో ఇది 1:2. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2000లో ఉద్యోగ ఒప్పందం ద్వారా వచ్చిన నిష్పత్తులకు 2015లో చట్టబద్ధత కల్పించారు. వేల్స్ 2016లో చట్టం చేసింది.

భారతదేశంలో

భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రులలో 1:3, సాధారణ ఆసుపత్రులలో 1:5 ఉండాలి. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ప్రమాణాలలో సాధారణ వార్డుకు 1:6, ఐ.సి.యు.కు 1:1గా పేర్కొన్నారు. ఇవి నియామకాలకు మార్గదర్శకాలే గాని కాలిఫోర్నియాలో వలె ప్రత్యేక శాసనం కావు. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల జీతాలు, పని పరిస్థితులపై కమిటీ వేయాలని 2016 జనవరిలో సుప్రీం కోర్టు ఆదేశించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ప్రధానంగా విద్య, నమోదు, వృత్తి ప్రమాణాలకు సంబంధించినది.

నర్సింగ్ విద్యతో సంబంధం

భారతదేశంలో నర్సు కావడానికి మూడేళ్ళ జి.ఎన్.ఎమ్. డిప్లొమా, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్ ప్రధాన మార్గాలు. రెండింటిలోనూ విద్యార్థులు వార్డులలో శిక్షణ పొందవలసి ఉంటుంది. సిబ్బంది తక్కువగా ఉన్నచోట విద్యార్థులను నర్సుల లెక్కలో కలిపితే రెండు విధాల నష్టం. శిక్షణ పూర్తికాని వారిపై రోగి బాధ్యత పడుతుంది. దగ్గరుండి నేర్పవలసిన నర్సుకు అందుకు తీరిక ఉండదు.

విమర్శలు

ఒకే నిష్పత్తి అందరికీ వర్తించదని, రోగి తీవ్రతను బట్టి నర్సులను కేటాయించాలని కొందరి వాదన. నర్సుల కొరత మరొక అడ్డంకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులుండగా మరో 58 లక్షల మంది కొరత ఉన్నది. అధ్యయనాలలో అధికభాగం రెండు అంశాల మధ్య సంబంధాన్ని చూపేవే గాని కారణాన్ని నిరూపించేవి కావని కూడా విమర్శ ఉన్నది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016లో నిష్పత్తులు అమలైన ఆసుపత్రులను అమలుకాని వాటితో పోల్చిన అధ్యయనం 2021లో వెలువడింది. రోగులు తిరిగి ఆసుపత్రిలో చేరడం, ఎక్కువ రోజులు ఉండడం తగ్గినందువలన మిగిలిన ధనం, అదనపు నర్సులకైన వ్యయం కంటే ఎక్కువని అందులో తేలింది.

ఇవి కూడా చూడండి

ఫ్లోరెన్స్ నైటింగేల్
నర్సు
ఆసుపత్రి
ప్రపంచ ఆరోగ్య సంస్థ